చెట్టు వెనక కావలి

ఆ గోడ మీద చెట్టు అంటించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే మిగతాదంతా విన్నాక, తప్పు వానదనో పాత ఇంటిదనో మీరే నా తరఫున అనేస్తారు.

రెండేళ్ల కిందటి వానాకాలం. చిక్కడపల్లిలో బాలకిషన్ అంకుల్ వాళ్ల పాత ఇంట్లో వెనక పోర్షన్‌లో మేము కిరాయికి ఉండేవాళ్లం. ఒక గది, దాని ముందు రేకుల వంటిల్లు. ముందు పోర్షన్‌లో అంకుల్, వాళ్లమ్మ కమలాకుమారి గారు. ఆమె రిటైరైన టీచరు. మా గదికీ ఆమె గదికీ మధ్య ఒకటే గోడ. ఇటుకా మట్టీ, పైన సున్నం. రోజూ పొద్దున ఐదింటికి ఆమె అటు నుంచి వేలి కణుపుతో గోడ మీద రెండు దెబ్బలు కొట్టేది. అది నా అలారం. లేచి నేను ఇటు నుంచి రెండు కొడితే, పుస్తకం ముందు కూర్చున్నానని ఆమెకు లెక్క.

మా నాయిన మాసయ్య మేస్త్రి. మా అమ్మ మాసమ్మ కూలి. పాలమూరు నుంచి వచ్చిన మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఆ ఏడు గ్రూప్స్ మెయిన్స్‌కు ఎంపికయ్యాను. పొద్దున అశోక్ నగర్‌లో క్లాసు, మధ్యాహ్నం నుంచి సెంట్రల్ లైబ్రరీ. రెండింటికీ నడిచి పోవచ్చు. మాకు ఆ గది మీద ప్రాణం అందుకే.

జూన్‌లో మొదటి పెద్ద వానకు ఆ గోడలో పగులు వచ్చింది. కింద ఎడమకు వంగి, పైకి పోయేకొద్దీ కుడికి తిరిగింది. నాయినకు అప్పుడే శంకర్‌పల్లి వైపు ఒక సైటులో రెండు నెలల పని దొరికింది. అక్కడే ఉండాలి. పోయే రోజు పొద్దున చిప్పలో తెల్ల సిమెంటు కలిపి, పగులు ముందు గొంతుక్కూర్చున్నాడు. పగులుకు అడ్డంగా జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పున ఒక పట్టీ వేశాడు.

"పగులు పూడుస్తున్నవా నాయినా?" అని అడిగాను.

"పూడిస్తె ఏం తెలుస్తది? ఇది కావలి. మా పెద్ద మేస్త్రి గిట్లనే పెట్టేటోడు. గోడ కదలకుంటె ఇది గిట్లనే ఉంటది. జర కదిలిందో, పటుక్కున పగుల్తది. దీనికి సాగుడు రాదు, పగులుడే."

నా చేతికి ఒక ఇనప మొల ఇచ్చాడు. "తారీఖు రాయి. సదువుకున్నదానివి నువ్వే గద."

తడి సిమెంటు మీద 14–6 అని గీశాను.

"రోజు చూడు బిడ్డా. పగిలిందనుకో, సామాన్లు గీమాన్లు చూడొద్దు. అమ్మను తీస్కొని బయటికి రా. టీచరమ్మను గుడ లేపు. నాకు ఫోన్ తర్వాత."

"సరే నాయినా."

"సరే కాదు. రోజు."

వారం తిరక్కుండానే బాలకిషన్ అంకుల్ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. మామూలుగా పిలిపిస్తాడు, రాడు.

"అనితమ్మా, జర పరేషాన్ వచ్చిపడ్డది. వానలు ముదిరేలోపల మున్సిపాలిటోళ్లు పాత ఇండ్లు చూస్తున్నరట. పక్క గల్లీల రెండిండ్లకు నోటీసు అంటించిన్రు. మనింటికి గుడ ఇంజనీరు వస్తడు. ఈ పగులు చూసిండంటె వారంల అందరం ఖాళీ చెయ్యాలె."

"రిపేరు చేయించరాదు అంకుల్?"

"వానలు పోంగనే చేయిస్త. ఇప్పుడు గోడ విప్పుతరా ఎవరన్న? మీ నాయిన ఏందో పట్టీ వేసిండట గద, అది గీకేసి సున్నం కొట్టించు. నీ పరీక్ష ఎప్పుడు?"

"ఆగస్టు ఆఖర్ల."

"మరి? ఇప్పుడు గదులు వెతుక్కుంట తిరుగుతవా, చదువుకుంటవా?"

నాయిన పెట్టినదాన్ని గీకెయ్యడానికి నాకు చెయ్యి రాదు. ఇల్లు ఖాళీ చేస్తే ఆ పరీక్ష అయినట్టే. రెండు రోజులు ఈ రెండింటి మధ్యే తిరిగాను. మూడో రోజు గాంధీనగర్‌లో ఉండే నా క్లాసు స్నేహితురాలు తన్మయి వాళ్లింటికి నోట్సు కోసం వెళ్లాను. ఆమె చదువుకునే గదిలో గోడ మీద నేల నుంచి పైదాకా వెదురు పొద ఉంది. పెయింటింగ్ అనుకున్నాను.

"స్టిక్కరే! నారాయణగూడల రేడియం షాపుల కట్ చేయించినం. మేమే అంటించుకున్నం," అంది తన్మయి.

పట్టీ తీసెయ్యను, పగులు చూపించను. నాయిన మాటా నిలబడుతుంది, అంకుల్ మాటా నిలబడుతుంది. చదువుకున్నందుకు ఒక తెలివైన పని చేస్తున్నాననిపించింది.

షాపు నాగేందర్ అన్నది. బండ్లకు నంబర్లు, ఆటోల వెనక దేవుళ్లు, క్లినిక్కుల అద్దాలకు అక్షరాలు కట్ చేస్తాడు. ఇంటి గోడల డిజైన్లకు వేరే ఆల్బం ఉంది. పూల తీగలు, పిచ్చుకలు, నెమళ్లు, కళ్లు మూసుకున్న బుద్ధుడు, నవ్వుతూ బతకమని చెప్పే ఇంగ్లిషు మాటలు.

"హాలుకా, బెడ్రూముకా చెల్లె?"

"మాకు రెండూ ఒకటేనన్నా."

"అయితె నీకు సగం పని తక్కువ. కొలత చెప్పు."

"ఐదున్నర అడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు."

"గంత సన్నగనా? అది గోడనా, కరెంటు స్తంభమా?"

నేను గోడను కొలవలేదు. పగులును కొలుచుకుని పోయాను.

"చెట్టు కావాలన్నా. కాండం కింద ఎడమకు వంగి, పైన కుడికి తిరగాలె."

"చెట్టు అది పెరిగినట్టు పెరుగుతదా, నువ్వు చెప్పినట్టు పెరుగుతదా?" అని నవ్వుతూనే కంప్యూటర్‌లో గీత వంచాడు. తర్వాత అడిగాడు. "గోడకు ఎమల్షనా, సున్నమా?"

"సున్నం."

"సున్నం మీద ఆగదు. ప్రైమర్ కొట్టి రెండు దినాలు ఆరనియ్యి. చెమ్మ ఉన్నదా?"

"లేదన్నా."

"పగుళ్లు?"

"లేవు."

ఈ కథలో నా మొదటి అబద్ధం అది. ఎంత తేలిగ్గా వచ్చిందో.

"మెరిసేది వద్దు, మ్యాట్ తీస్కో," అన్నాడు చివర్లో. "మెరిసేదైతె గోడ మీద ఉన్న గుంటలన్ని బయటపెడ్తది. మ్యాట్ అన్నీ దాస్తది."

"మ్యాటే ఇయ్యన్నా. ఇంకొకటి, ఈ ఆకుల గుత్తి విడిగా కట్ చెయ్యి."

ఆ గుత్తి కావలి మీదికి. రోజూ లేపి చూసి మళ్లీ అంటించొచ్చని నా లెక్క.

ఆదివారం అమ్మకు పని లేదు. ఇద్దరం కలిసి అంటించాం. పై అంచును టేపుతో గోడకు ఆనించి, వెనక కాగితం ఒక బెత్తెడు ఒలిచి, సబ్బునీళ్లు చిలకరించి, నాగేందర్ అన్న ఇచ్చిన ప్లాస్టిక్ పట్టీతో మధ్య నుంచి అంచులకు గీకాలి. మళ్లీ బెత్తెడు ఒలవాలి. తొందరపడితే బుడగలు వస్తాయి. అమ్మ నీళ్ల డ్రమ్ము మీద నిలబడి పైన పట్టుకుంది.

"గుంజకే అమ్మా, ముడుత పడుతది!"

"నేనేడ గుంజుతున్ననే? ఇది నన్ను గుంజుతున్నది. సీర కుచ్చిళ్ల కంటె కష్టమున్నది దీనితోని."

గోడ అవతల నుంచి టక్ టక్ అని వినిపించింది. "ఏం చేస్తున్నరు తల్లీకూతుళ్లు? ఎలుకలు గీకినట్టు చప్పుడు!" అని టీచర్ గొంతు.

"చెట్టు నాటుతున్నం టీచర్!"

"అయితే నీళ్లు పోయండి మరి."

కాండం పగులు మీద కుదురుగా కూర్చుంది. కావలి ఎత్తుగా ఉన్నచోట ఆకుల గుత్తి అంటిస్తే, కొమ్మ మొదట్లో బొడుపులా కనిపించింది. అమ్మ డ్రమ్ము దిగి, చేతులు చీర కొంగుకు తుడుచుకుని చాలాసేపు చూసింది. ఎన్నో ఇళ్లు కట్టిన మనిషి. సొంతంగా ఒక గోడను ముస్తాబు చెయ్యడం అదే మొదటిసారి అనుకుంటాను.

"మీ నాయిన పట్టీ?" అంది.

"ఆకుల కిందున్నది. రోజు లేపి చూస్త."

ఆ రోజు నుంచి అమ్మ తన చాప ఆ చెట్టు కిందికి జరుపుకుంది.

సాయంత్రం నాయిన ఫోను చేసేవాడు. అన్నం తిన్నారా అని అడిగేకంటే ముందు, "కావలి ఎట్లున్నది?" అనేవాడు. పది రోజులు నిజంగానే ఆకులు లేపి చూశాను. తారీఖు చెక్కుచెదరలేదు. "మంచిగున్నది నాయినా," అన్నాను. అది నిజం.

రోజూ లేపడంతో గుత్తి జిగురు పోయి అంచు వేలాడసాగింది. జూలై మొదటి వారంలో ఇంజనీరు వస్తున్నాడని తెలిసిన పొద్దున, తన్మయి దగ్గర తెచ్చుకున్న హెయిర్ డ్రయ్యర్‌తో గుత్తి వెనక వేడిచేసి బలంగా ఒత్తాను. అతుక్కుంది. మళ్లీ లేవనంతగా అతుక్కుంది.

ఇంజనీరు చిన్నవయసువాడే. చేతిలో ఫైలు. పైకప్పు చూశాడు, వైర్లు చూశాడు, వంటింటి రేకులు చూశాడు. అంకుల్ పక్కనే నిలబడి ఉన్నాడు.

"గోడలకు పగుళ్లేమైనా ఉన్నాయా అమ్మా?" అని నన్నే అడిగాడు.

"చూడండి సార్," అన్నాను.

అబద్ధం చెప్పలేదు కదా అని అప్పుడు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన చూశాడు. కాండం మీద చెయ్యి కూడా ఆనించాడు. "చెట్టు బాగుంది," అని ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం అంకుల్ మాకు మిర్చి బజ్జీలు పంపించాడు.

తర్వాత గుత్తి లేపబోతే సున్నం కూడా ఊడి వస్తోంది. చినిగితే మళ్లీ ఎవరైనా వచ్చినప్పుడు ఎట్లా? రేపు చూద్దాం అనుకున్నాను. సాయంత్రం నాయిన ఫోను. "కావలి ఎట్లున్నది?"

"మంచిగున్నది నాయినా."

ఆ మాట తర్వాత నాలుక మీద దానంతటది తిరిగేది. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెప్పేదాన్ని.

జూలై మూడో వారంలో వాన పట్టుకుంది. రెండో రోజు కాండం మధ్యలో నిమ్మకాయంత బుడగ లేచింది. నాగేందర్ అన్న ముందే చెప్పాడు, బుడగ వస్తే సూదితో పొడిచి గాలి ఒత్తెయ్యాలని. పొడిచి ఒత్తాను. పోయింది. రెండు రోజులకు అదే చోట ఏటవాలుగా ముడుత పడింది. డ్రయ్యర్ పెట్టి పట్టీతో గీకాను. సాపైంది. సాయంత్రానికి మళ్లీ వచ్చింది. మళ్లీ గీకాను. నేను దాన్ని ఎంత శ్రద్ధగా సాపుచేశానో తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు నాకే కొత్తగా కనిపిస్తాయి.

క్లాసుకు పోతూ షాపు దగ్గర ఆగి గట్టిగానే అడిగాను. "ఏందన్నా, నీ రేడియం ముడుతలు పడుతున్నది!"

"నాది ముడుత పడదు చెల్లె. ప్రైమర్ కొట్టినవా?"

"కొట్టిన."

"అయితె అది స్టిక్కరు కాదు, గోడనే జర..." ఇంతలో ఎవరో బండికి నంబరు రాయించుకోవాలని వచ్చారు. ఆయన అటు తిరిగాడు. నాకు క్లాసు టైమైంది. ఆగలేదు.

పొద్దున టీచర్ కొట్టే దెబ్బ కూడా ఆ వారం మారింది. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు వినిపించేది. చెమ్మకేమో అనుకున్నాను. ఇటు నుంచి రెండు కొట్టి పుస్తకం తీశాను.

జూలై ఇరవై ఏడు. ఎనిమిది రోజుల తర్వాత ఎండ కాసింది. అమ్మ పనికి వెళ్లిపోయింది. పదిన్నరకు నేను భుజాన బ్యాగు వేసుకుని వంటింట్లో నల్లా కింద నీళ్ల సీసా పట్టాను.

సిమెంటు బస్తాను భుజం మీంచి దించినట్టు ఒక చప్పుడు. అంతే.

వెనక్కి తిరిగి చూస్తే చెట్టు ఊగుతోంది. ఇంట్లో, గాలి లేకుండా చెట్టు ఊగుతోంది.

దాని వెనక గోడ లేదు. నడుమెత్తు నుంచి తలపైదాకా అంతా అవతలి వైపు పడిపోయింది. స్టిక్కరు మాత్రం పైన మిగిలిన గోడను పట్టుకుని, సున్నం పెళ్లలతో వేలాడుతోంది. కొమ్మల సందుల్లోంచి, రెండేళ్లుగా గొంతు మాత్రమే విన్న ఆ గదిలో ఏం జరుగుతోందో చూశాను. ఫ్యాన్ తిరుగుతోంది. కిటికీలో చాయ్ గ్లాసు ఉంది. మంచం సగం వరకు ఇటుకలు. ఇటుకల మీద మేకుతో సహా ఒక క్యాలెండరు. మనిషి కనిపించలేదు.

"టీచర్!" అన్నాననుకున్నాను. గొంతు రాలేదు. సీసా నిండిపోయి నీళ్లు నా పాదాల మీద పడుతున్నాయి. నల్లా కట్టెయ్యాలని తెలుసు. చెయ్యి లేవలేదు.

అప్పుడు ఇనప మంచం మీద టక్, టక్. రెండు దెబ్బలు.

చెట్టును చేత్తో పక్కకు నెట్టి, ఆ కంతలోంచి అవతలికి దూకాను.

తర్వాత ఎదురు హాస్టల్ నుంచి కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చారు. బాలకిషన్ అంకుల్ బనియను మీదే వచ్చి ఒట్టి చేతులతో ఇటుకలు తీశాడు. "అమ్మా," అనడం తప్ప ఇంకో మాట అనలేదు. ఆమెకు తెలివి ఉంది. ముఖమంతా సున్నం. నన్ను చూసి, "మీ అమ్మ పనికి పోయిందా?" అని అడిగింది. పోయిందన్నాను. కళ్లు మూసుకుంది. అంబులెన్స్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు ఆమె కుడికాలు ఏ వైపు తిరిగి ఉందో చూసి నేను తల తిప్పుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి నాయిన వచ్చాడు. గోడ ముందు నిలబడి పైనుంచి కింది దాకా చూశాడు. ఆయన ఆ చెట్టును చూడటం అదే మొదటిసారి. ఒక అంచు పట్టుకుని మెల్లగా ఒలిచాడు, కిందికి లాగి, తిరగేశాడు.

కావలి అక్కడుంది. గోడను వదిలేసి ఆకుల గుత్తి జిగురుకు అతుక్కుని ఉంది. రెండు ముక్కలు. ఒక ముక్క మీద 14, రెండో ముక్క మీద 6. మధ్య బొటనవేలంత ఎడం. ఆ ఎడం పొడవునా స్టిక్కరు సాగి, పల్చబడి ఉంది.

నాయిన పగిలిన అంచును బొటనవేలితో రుద్దాడు.

"ఇయ్యాల పగిలింది కాదు బిడ్డా. అంచు చూడు, నల్లగైంది." నా వైపు తిరిగాడు. "ఎన్ని దినాలైంది?"

నాకు తెలుసు. బుడగ లేచిన రోజు నుంచి లెక్కపెట్టాను. "ఏడు," అన్నాను.

పని దగ్గర నుంచి వచ్చిన అమ్మ మా పక్కనే నిలబడి ఉంది. తన చాప వంక చూసింది. చుట్టి గోడకు ఆనించిపెట్టిన చాప ఇప్పుడు దుమ్ములో పడి ఉంది. నాయిన ఆ రెండు ముక్కలను స్టిక్కరు నుంచి ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నన్నేమన్నా అంటాడేమోనని ఆ రోజంతా ఎదురుచూశాను.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్లాను. టీచర్ కాలు రెండు చోట్ల, తుంటి ఒక చోట విరిగాయి. కాలికి బరువు కట్టి ఉంది. వార్డు బయట చెప్పులు విడుస్తుండగా ఫోను మోగింది. తన్మయి మెసేజ్: 'ఎగ్జామ్ పోస్ట్‌పోన్ అయిందే! నవంబర్‌కు!' చదివాను. మళ్లీ చదివాను. ఫోను అట్లాగే పట్టుకుని లోపలికి పోయాను.

"టీచర్, ఆ గోడకు పగులుందని నాకు తెలుసు. స్టిక్కరు అంటించి నేనే..."

"కూర్చో ముందు," అంది. "నీకొక్కదానికే తెలుసనుకున్నవా? గోడకు నా దిక్కు కూడా ఉంది గద. నా దిక్కు వేలు దూరేంత అయింది."

మంచం పక్కన కింద కూర్చున్నాను.

"దాని మీద క్యాలెండరు తగిలించిన. ఇంత పెద్దగయిందని కిషన్‌కు చెప్తే, మిమ్మల్ని ఆ రోజే ఖాళీ చేయించి గోడ విప్పిస్తుండె. ఆగస్టు దాకా ఆగుతదిలే అనుకున్న. ఎన్ని పాత గోడలు నిలబడి లేవు?" నొప్పికి కాసేపు పెదవి కొరుక్కుంది. "పరీక్షకు ఇంక ఎన్ని రోజులున్నయి?"

ఫోను నా చేతిలోనే ఉంది.

"ముప్పై, టీచర్."

"మరి ఇక్కడేం చేస్తున్నవ్? పో. చదువుకో."

గాంధీనగర్ బస్తీలో ఒక గది దొరికింది. సామాను దించిన రోజే నాయిన నాలుగు గోడలూ వేళ్లతో కొట్టి చూశాడు. తలుపు పైన వెంట్రుకంత పగులుంది. చిప్పలో తెల్ల సిమెంటు కలిపి అడ్డంగా పట్టీ వేశాడు. జేబులోంచి మొల తీసి నా ముందుకు చాపాడు.

"తారీఖు రాయి."

"నేనొద్దు నాయినా. నువ్వే ఏదన్న గీత పెట్టు."

"గీత పెడితె ఎవరికి తెలుస్తది? రాయి."

అంకె వంకరపోయింది. ఆయన దాన్ని సరిచెయ్యమనలేదు. మర్నాడు పొద్దున సంచీ భుజాన వేసుకుని సైటుకు వెళ్లిపోయాడు.

సాయంత్రం పుస్తకం ముందు కూర్చుని ఉండగా ఫోను మోగింది. ఎత్తాను. అవతల వాహనాల చప్పుడు, దాని మీదుగా నాయిన గొంతు.

"కావలి ఎట్లున్నది బిడ్డా?"

మంచిగున్నది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. స్టూలు లాక్కున్నాను.

"ఆగు నాయినా. చూసి చెప్త."